మూడు వందల అరవై గ్రాముల నెయ్యి

ఈమధ్య ఒక అమ్మాయి, కొత్తగా డైటీషియన్ ఉద్యోగంలో చేరబోతూ, నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చింది. మీ సర్వీసులో మరిచిపోలేని పేషెంటు ఎవరని అడిగింది. బాగై వెళ్లినవాళ్లను చాలామందిని మరిచిపోయాను. బాగై కూడా నష్టపోయినవాడు ఒకడున్నాడు, అతన్ని మరిచిపోలేదు. అతని సంగతి చెప్పడం మొదలుపెట్టాను గానీ, బస్సు టైమైందని ఆ పిల్ల సగంలో లేచింది. మిగతా సగం ఆమె కోసం రాద్దామని కూర్చున్నాను. మొదటి సగం లేకుండా రెండోది ఎవరికీ అర్థం కాదు కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నేను చివరగా పనిచేసింది మేడ్చల్ రోడ్డు మీద ఒక పెద్ద ఆసుపత్రిలో. వార్డులకు వెళ్లే తిండి అంతా నా కింద ఉండేది. తూకం వేయకుండా వంటగదిలోంచి ఏదీ బయటికి కదలనిచ్చేదాన్ని కాదు. వంటవాళ్లు నా వెనకాల నన్ను ‘తక్కెడ’ అనేవారు. ఒకసారి పొరపాటున నా ముందే అన్నారు. నేనేమీ అనుకోలేదు, తక్కెడ మంచి వస్తువు. దానికి తెలిసేది బరువొక్కటే అన్న సంగతి అప్పటికి నాకు పట్టలేదు.

ఒక ఏడాది మే నెలలో ఒక డ్రైవర్ మా వార్డులో చేరాడు. ముప్పై నాలుగేళ్లవాడు, రావల్‌కోల్ మనిషి. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తీసుకెళ్లే కాబ్ నడిపేవాడు. అంతకు రెండేళ్ల ముందు పేగుకు టీబీ వచ్చి, వేరే చోట ఆపరేషన్ చేసి చిన్నపేగు చివరి భాగం కొంత తీసేశారు. టీబీ నయమైంది. కానీ అప్పటినుంచి రోజుకు ఆరేడు విరేచనాలు. మనిషి ఎండిపోయాడు. కాబ్‌ల కాంట్రాక్టరు అతనికి నెల గడువిచ్చాడు, ఈలోపు బాగుచేసుకోకపోతే ఆ బండి ఇంకొకరికి.

తిండి వివరాలు రాసుకోవడానికి వెళ్లినప్పుడు అతను తల దించుకుని చెప్పాడు.

“పొద్దున బండి ఎక్కేటప్పుడు చాయ్ గూడ తాగుతలేను మేడమ్. అయినా శామీర్‌పేట దాటకముందే ఎక్కడో ఒక కాడ ఆపాల్సొస్తాంది. ఎనక కూసున్న మేడమ్‌లు ఏమనరు. ఫోన్లు సూస్కుంట కూసుంటరు. గదే ఇంక సిగ్గు.”

డ్రైవింగ్ తప్ప అతనికి ఇంకో పని రాదు, ఇంకో పని మీద ఇష్టమూ లేదు. పదో తరగతి తప్పిన ఏడాది స్టీరింగ్ పట్టాడట. పరుపు మీద కూర్చున్నా కుడి కాలు కొద్దిగా ముందుకు చాపి, బ్రేకు మీద పెట్టినట్టు పెట్టుకునేవాడు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పక తప్పదు. జిడ్డు గిన్నెను ఉత్త నీళ్లతో కడిగితే జిడ్డు పోదు. కుంకుడు రసమో సబ్బో కావాలి. మనం తిన్న నూనె, నెయ్యి విషయంలో ఆ కుంకుడు రసం పని చేసేవి పైత్యరసంలోని ఆమ్లాలు. అవి కొవ్వును సన్నని బొట్లుగా విడగొడితేనే పేగు దాన్ని పీల్చుకోగలదు. కొవ్వుతో పాటే కొన్ని విటమిన్లు కూడా లోపలికి వెళ్తాయి. కాలేయం ఈ ఆమ్లాలను పూటపూటకూ కొత్తగా తయారుచేయదు. ఉన్నవాటినే తిప్పి తిప్పి వాడుతుంది. చిన్నపేగు చివరి భాగం వాటిని ఏరి మళ్లీ కాలేయానికి పంపిస్తుంది. అదే భాగాన్ని ఇతనికి కోసేశారు.

అతనికి ఇదంతా కాబ్‌ల లెక్కన చెప్పాను. షిఫ్టు షిఫ్టుకు కొత్త కాబ్ కొనరు కదా, పొద్దున మనుషుల్ని దింపిన బండే తిరిగొచ్చి ఇంకో షిఫ్టువాళ్లను ఎక్కించుకుంటుంది, నీ కడుపులో పైత్యం కూడా అలాగే తిరగాలి అన్నాను.

“అంటే నా పేగుల రిటర్న్ ట్రిప్ బందైందన్నట్టు.”

ఆ వార్డులో అతను నవ్వగా నేను చూసింది అదే మొదలు.

తెలియాల్సిందల్లా ఎంత పేగు పోయిందన్నది. కొంచెమే పోతే, తిరిగి వెళ్లని ఆమ్లాలు పెద్దపేగులోకి దిగి దాన్ని రేపి విరేచనాలు చేయిస్తాయి. వాటిని పట్టి కట్టేసే పొడి మందు ఒకటుంది, అది వేస్తే సరిపోతుంది. ఎక్కువ పోతే సంగతి వేరు. అప్పుడు ఆమ్లాలకే కరువు, తిన్న కొవ్వు అరగకుండా బయటికి పోతుంది. అలాంటివాడికి ఆ పొడి ఇస్తే ఉన్న కొద్దిపాటి ఆమ్లాలు కూడా పోతాయి. ఆపరేషన్ కాగితంలో ‘చిన్నపేగు కొంత భాగం’ అని రాశారు తప్ప ఎంత పొడుగో రాయలేదు. అందుకని మా డాక్టరు గారు పాతకాలపు పరీక్ష ఒకటి చేయిద్దామన్నారు. ఆయన వయసులో చిన్నవారు, కానీ ఊహ మీద మందు రాసే మనిషి కాదు.

పరీక్ష ఇది. పేషెంటు వరసగా ఆరు రోజులు, రోజుకు వంద గ్రాముల కొవ్వు తినాలి. చివరి మూడు రోజుల మలమంతా డబ్బాల్లో పట్టి, అందులో కొవ్వెంతో ల్యాబులో తేల్చాలి. రోజుకు ఏడు గ్రాములు దాటితే కొవ్వు అరగడం లేదని అర్థం. ఇప్పుడు చాలాచోట్ల ఈ పరీక్ష మానేశారు. ఆ డబ్బాలు ముట్టుకునే ఓపిక ఎవరికీ లేదు. మా ల్యాబు టెక్నీషియన్‌కూ లేదు గానీ, నోరు ఎంత మొత్తుకున్నా చేతులు పని చేసే రకం.

“మీరు అక్కడ నెయ్యి వడ్డిస్తరు, నాకిక్కడ పండుగ” అన్నాడు నాతో.

సోమవారం మొదలుపెట్టాం. పూటకు ఇరవై గ్రాముల నెయ్యి చిన్న మూత గిన్నెలో పెట్టి, మూడు పూటలా పంపేదాన్ని. రోజుకు అరవై గ్రాములు. మిగతా నలభై పాలు, గుడ్లు, పల్లీలతో సరిపెట్టాను. భార్య ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పనికి వెళ్లేది కాబట్టి వార్డులో అతనికి తోడుగా తల్లి ఉండేది. సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడేది కాదు. నెయ్యి మొత్తం అన్నంలో కలిపి తినిపించాలమ్మా, ఒక్క చుక్క మిగలకూడదు అని చెప్పాను. “సరే మేడమ్, మీరెట్ల జెప్తె గట్లనే” అంది. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట.

గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చేవి. ఉత్త ఖాళీ కాదు, కడిగి, తుడిచి. నా సర్వీసులో నెయ్యి గిన్నెలు అంత శుభ్రంగా వెనక్కి పంపిన అటెండెంటు ఇంకొకరు లేరు. వంటవాళ్లకు ఆమెను చూపించి నేర్చుకోండి అన్నాను కూడా. పక్క మంచం మీదున్న పెద్దమనిషి ఆ వారంలో రెండుసార్లు నన్ను ఆపి, వార్డు తిండి చాలా మెరుగైందని మెచ్చుకున్నాడు. సంతోషించాను.

శనివారం రాత్రికి డబ్బాలన్నీ ల్యాబుకు చేరాయి. టెక్నీషియన్ కారిడార్‌లో ఎదురై దండం పెట్టాడు.

“ఈ మనిషి బంగారం మేడమ్. ఇన్నేండ్లల్ల ఇంత తక్కువ వాసన నేనెన్నడు సూడలే.”

అందరం నవ్వాం. డాక్టరు గారు కూడా నవ్వారు. ఇప్పుడు ఆలోచిస్తే మా ముగ్గురికీ జవాబు ఆ నవ్వులోనే ఉంది. ఎవరమూ తీసుకోలేదు.

ఫలితం రోజుకు ఐదు గ్రాముల లోపే వచ్చింది. కొవ్వు చక్కగా అరుగుతోంది, పోయిన పేగు తక్కువే అని తేలింది. పొడి మందు రాశారు. పది రోజుల్లో విరేచనాలు రెండుకు దిగాయి. జూన్‌లో అతను యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇగ మధ్యల ఆపుడు లేదు మేడమ్. గాజులరామారంల మొదలువెడితే తుర్కపల్లి దాక ఒక్కటే పోత.”

బండి అతనికే ఉండిపోయింది. కాంట్రాక్టరు కూడా సంతోషించాడట. మేం ఆ కేసును శిక్షణకు వచ్చే పిల్లలకు పాఠంగా చెప్పుకునేవాళ్లం.

బతుకమ్మ పండుగ వెళ్లిన వారంలో అతను మళ్లీ వచ్చాడు. ఈసారి కంటి విభాగానికి వచ్చాడు.

జరిగింది తర్వాత అతని నోటే విన్నాను. సెప్టెంబరు మొదట్నుంచీ సాయంత్రమయ్యేసరికి అద్దం మీద మసి పూసినట్టు ఉండేదట. మనిషి డ్రైవరు కదా, కంటి మీద అనుమానం రాలేదు, బండి మీద వచ్చింది. అద్దం తుడిచాడు. వైపర్లు మార్చాడు. హెడ్‌లైట్ల బల్బులు మార్చాడు. చివరికి ఒక సాయంత్రం ల్యాబు వాళ్లను ఇళ్లకు తీసుకొస్తూ శామీర్‌పేట చెరువు దాటాక, రోడ్డు పక్కన వెనక లైటు లేకుండా ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరు ట్రాలీ అతనికి కనపడలేదు. ముందు సీట్లో ఉన్న అమ్మాయి అరిస్తే బ్రేకు కొట్టాడు. ట్రాలీకీ బండికీ మధ్య ఒక మనిషి పట్టే సందు మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. అతను బండిని నెమ్మదిగా పక్కకు తీసి, ఇంజను ఆపి, తాళం చెవి తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

“నాకు కనవడ్తలేదు మేడమ్. ఇంకో బండి పిలుసుకోండ్రి” అన్నాడట.

కంటి డాక్టరు చూసి రేచీకటి అన్నారు. విటమిన్ ఏ పూర్తిగా అడుగంటింది. కడుపు ఆపరేషన్ సంగతి విని మా డాక్టరు గారి దగ్గరకు పంపారు. కొడుకు లోపల ఉండగా తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. అందులో మలీద ముద్దలు, బెల్లం, రొట్టె కలిపి నెయ్యితో కట్టినవి.

“పండుగకు జేసిన మేడమ్. మీకు ఇయ్యాల్నని దాసిన.”

ఒకటి నోట్లో వేసుకున్నాను. నెయ్యి కమ్మగా తెలుస్తోంది. మీకు పాడి ఉందా అమ్మా అని అడిగాను, మాటవరసకే.

“మాకేడి పాడి మేడమ్. గిది మీ దవాఖాన నెయ్యే. మీరు పూటపూటకు పంపిస్తిరి గదా, పారబొయ్య మనసొప్పలే. సీసల వోసి వెట్టిన.”

నేను నమలడం ఆపేశాను. ఆమె సంబరంగానే చెప్పుకుపోయింది. ఎన్నడో ఆయనకు, అంటే ఆమె భర్తకు, పసిరికలు, అదే కామెర్లు, అయితే నలభై రోజులు పథ్యం పెట్టిందట. నూనె లేదు, నెయ్యి లేదు, చారు మెతుకులే. మనిషి బతికి లేచాడు. కోసిన పేగుకు నెయ్యి పెడితే పుండు మానుతుందా అని ఆమె అనుమానం. పెద్ద దవాఖానలో పెద్దవాళ్లతో ఎదురు మాట్లాడటం ఎందుకని సరే సరే అంది. పాలు ఆమే తాగింది. గుడ్డులో తెల్లది కొడుక్కి పెట్టి, పచ్చది, పల్లీలు పక్క మంచం పెద్దమనిషికి ఇచ్చింది. కొడుకు కూడా అమ్మా వద్దే, నెయ్యి తింటే మళ్లీ లేవాల్సొస్తది అన్నాడట. ఇంటికి పోయాక కూడా పథ్యం ఒక్కపూట తప్పలేదట.

“సీస ఎంత నిండిందమ్మా?” అని అడిగాను.

ఆమె పక్కనే ఉన్న మందు సీసా మీద వేలు పెట్టి చూపించింది. అంత సీసానేనట, నాలుగు వందల గ్రాములు పట్టేది. మెడకు వేలెడు తక్కువ. పూటకు ఇరవై, రోజుకు అరవై, ఆరు రోజులకు మూడు వందల అరవై గ్రాములు. లెక్క సరిపోయింది. నా మొత్తం ఉద్యోగంలో వంటగది నుంచి వెళ్లిన నెయ్యికీ, చేరిన నెయ్యికీ అంత కచ్చితంగా లెక్క కుదిరింది ఆ ఒక్కసారే.

కొవ్వు తిననివాడి మలంలో కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? కంటి సంగతి చూస్తే ఇతనికి పోయింది కొంచెం పేగు కాదు, చాలా పోయింది. మేం ఇవ్వకూడని పొడి ఇచ్చాం. కొవ్వు తినడం లేదు కనుక విరేచనాలేమో కట్టాయి, దాంతో పాటు ఉన్న కాసిన్ని ఆమ్లాలు కూడా కొట్టుకుపోయాయి. అటు తిండిలో కొవ్వు లేదు, ఇటు కొవ్వును కరిగించేది లేదు. కంటికి కావలసిన విటమిన్ ఐదు నెలలు గడప దాటి లోపలికి రాలేదు.

నా ముఖం చూసి ఆమె డబ్బాలోకి తొంగి చూసింది.

“ఏంది మేడమ్, తీపి తక్కువైందా?”

సరిపోయిందమ్మా అన్నాను. డబ్బా పట్టుకుని డాక్టరు గారి గదికి వెళ్లాను. అప్పుడు అక్కడ ఆయనా, డ్రైవరూ ఇద్దరే ఉన్నారు. నేను చెబుతుంటే డాక్టరు గారు ఒక ముద్ద చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకున్నారు. చివరికి దాన్ని తిరిగి డబ్బాలో పెట్టి, మూత పెట్టి, పొడి మందు పేరు కొట్టేసి కొత్త చీటీ రాశారు.

డ్రైవరు అంతా విన్నాడు. అతనికి రెండోసారి కాబ్‌ల పోలిక చెప్పక్కర్లేకపోయింది.

“ఉన్న నాలుగు బండ్లు గూడ ఆ పొడే గుంజుకపోయింది. గంతే గదా మేడమ్?”

అంతే అన్నాను. అతను తలుపు వైపు చూశాడు. తల్లి బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

“అమ్మకు జెప్పకుండ్రి. నన్ను తనే కాపాడుకున్న అనుకుంటాంది. గట్లనే ఉండనియ్యండ్రి.”

మేమిద్దరం సరే అన్నాం.

తర్వాత వైద్యం తేలిగ్గానే సాగింది. విటమిన్ సూదిమందులు పడ్డాయి. కొబ్బరినూనెలో ఉండే కొవ్వులో కొంత భాగానికి పైత్యరసం సాయం పెద్దగా అక్కర్లేదు, అందుకని మామూలు నూనె బాగా తగ్గించి కూరలు కొబ్బరినూనెతో వండమన్నాను. తల్లి నిర్ఘాంతపోయింది. “నెత్తికి రాసుకునే నూనె కూరలకా మేడమ్?” అని మూడుసార్లు అడిగింది. ఈసారి నేను సరే అనే మాటతో ఊరుకోలేదు. వంటగదిలో ఆమె పక్కన నిలబడి బెండకాయ కూర చేయించి, కొడుకు తింటుంటే ఎదురుగా కూర్చుని, ఆ కూర నేనూ తిన్నాను. అంత బాగోలేదు. ఆ మాట పైకి అనలేదు.

దీపావళికల్లా అతనికి చీకట్లో చూపు వచ్చింది. కంటి డాక్టరు ఫిట్ అని రాసిచ్చారు. కాంట్రాక్టరుకు నేనే ఫోన్ చేశాను. చెడ్డవాడేమీ కాదు, ఇక్కడి పాత పట్టాదారుల కుటుంబం, మర్యాదగా మాట్లాడాడు.

“మీరు జెప్పినంక నాకు నమ్మకమే మేడమ్. కాని ఆడపిల్లలు ఎక్కే బండి. ఆనాడు బండ్ల ఉన్నోళ్లు ఆఫీసుల జెప్పిండ్రు. కండ్లు కనవడని డ్రైవరంటే ఇగ కంపెనోళ్లు గేటు దాటనియ్యరు. నేనేం జేత్తు చెప్పుండ్రి.”

ఇంకో ఇద్దరు కాంట్రాక్టర్లకు కూడా చేశాను. వాళ్లకు అప్పటికే ఆ కబురు చేరింది. తుర్కపల్లి రూటులో డ్రైవర్లందరూ ఒకే చోట చాయ్ తాగుతారు. రోగం తగ్గిందన్న కబురు కన్నా వచ్చిందన్న కబురే దూరం పోతుంది.

ఆ తర్వాత నేను పనిచేసిన నాలుగేళ్లూ, అలాంటి పరీక్ష ఉన్న పేషెంటు తింటుంటే దగ్గర కూర్చునేదాన్ని. ఇంకో ప్రశ్న కూడా మొదలుపెట్టాను. ఏం తింటారు అని అడగడం మాకు కాలేజీలో నేర్పారు. ఏం ముట్టరు, ఎవరు వద్దన్నారు అని అడగడం ఎవరూ నేర్పలేదు. పథ్యం మన ఇళ్లలో మందు కన్నా పాతది, దాన్ని పెట్టేవాళ్లకు డాక్టరు కన్నా ప్రేమ ఎక్కువ. ఆ రెండూ కలిసి వార్డులో ఉంటాయని తెలుసుకుని పని చేయండి. బస్సు టైమై వెళ్లిపోయిన అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది ఈ మాటే. అయితే ఇది నేర్చుకున్నందుకు నాకు తృప్తి లేదు. ఒకడి స్టీరింగు ఫీజుగా కట్టి నేర్చుకున్న పాఠం ఇది.

పోయిన చలికాలం తుర్కపల్లిలో ఒక సంస్థవాళ్లు, తిండి గురించి తమ ఉద్యోగులకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. తిరిగి వచ్చేటప్పుడు కాబ్ ఇచ్చారు. పొద్దు గూకింది. గేటు దగ్గర బండి ఆగింది. అడ్డకర్ర పక్కన కుర్చీలో కూర్చున్న గేటు మనిషి లేచి, కర్ర ఎత్తకుండా నేరుగా నా వైపు కిటికీ దగ్గరకు వచ్చాడు. లోపల లైటు లేదు. నా జుట్టు పూర్తిగా నెరిసింది, ముఖానికి మఫ్లరు చుట్టుకుని ఉన్నాను.

“నెయ్యి మేడమ్ గదా” అన్నాడు.

కాస్త ఒళ్లు చేశాడు. గేటు దగ్గర ఉద్యోగం వచ్చి మూడేళ్లయిందట, బాగానే ఉందట. తల్లి సంగతి అడిగాను.

“మంచిగున్నది మేడమ్. వచ్చినోళ్లకు పోయినోళ్లకు ఇప్పటికి జెప్తది, ఆనాడు ఆ నెయ్యి ముట్టనియ్యలే గన్కనే నా కొడుకు బతికిండని.”

వెనక ఇంకో కాబ్ హారన్ కొట్టింది. అతను వెళ్లి అడ్డకర్ర ఎత్తాడు. మా బండి కదలబోతుంటే వంగి మా డ్రైవరుతో అన్నాడు:

“తమ్మీ, ఆ మలుపు కాడ నడిరోడ్డు మీద నల్లకుక్క పండుకున్నది. జర సూస్కోని పో.”

మలుపు చాలా దూరంగా ఉంది. మా డ్రైవరు వేగం తగ్గించి, హెడ్‌లైట్లు పెంచి పోనిచ్చాడు. కుక్క అక్కడే ఉంది. దాన్ని తప్పించి ముందుకు తీశాక, ఇరవై ఐదేళ్లు కూడా లేని ఆ డ్రైవరు అద్దంలోంచి నా వైపు చూశాడు.

“నాకైతే కనవడనే లేదు మేడమ్” అన్నాడు.